ఎముక లేని ఒళ్లు: తొలినాటి ఫ్రెంచి పింగాణీలో చైనా

సాన్‌క్లూ కప్పు చేతిలోకి తీసుకోగానే ముందు తెలిసేది బరువు. చూడటానికి చిన్నదిగా, ముద్దుగా ఉంటుంది గానీ గోడ మందం. రంగు తెలుపే, అయితే అది వెన్న తెలుపు. లోపలెక్కడో కాస్త పసుపు దాగినట్టుంటుంది. అడుగు భాగం చుట్టూ వెండి గిన్నెలకు కొట్టినట్టు నిలువు గాడులు. అంచు కింద నీలంతో గీసిన సన్నటి జాలరు. సాసరు మధ్యలో గుండ్రంగా చిన్న గోడ లేచి ఉంటుంది. చెయ్యి వణికినా కప్పు జారకుండా అందులో కూర్చుంటుంది. పారిస్‌కు పడమట సేన్ నది ఒడ్డున ఉన్న సాన్‌క్లూ ఊళ్లో 1700కు కాస్త అటూఇటూగా ఇలాంటివి చేశారు.

అలాంటి కప్పు పగిలినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. చైనా పింగాణీ పెంకు అంచు నున్నగా, గాజులా మెరుస్తుంది. పైపూత ఎక్కడ అయిపోయిందో, లోపలి ముద్ద ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. సాన్‌క్లూ పెంకు మాత్రం చక్కెర దిమ్మను విరిచినట్టు గరుగ్గా ఉంటుంది, పూత దాని మీద వేరే గీతలా తెలిసిపోతుంది. పైకి రెండూ ఒకటే, లోపల రెండూ రెండు వేర్వేరు పదార్థాలు. ఫ్రాన్స్‌లో తొలి వందేళ్ల పింగాణీ కథంతా ఈ పెంకులో ఉంది. చైనా రూపం ఫ్రెంచి పనివాళ్లకు ఒక తరంలోనే చేతికొచ్చింది. చైనా మట్టి దొరకడానికి దాదాపు ఓ శతాబ్దం పట్టింది. ఆ మధ్యలో వేరే దారిలేక చేసిన సరుకే, చివరికి ఫ్రాన్స్ ఇది మాది అని చెప్పుకోదగ్గ పింగాణీ అయింది.

తెలుగులో పైన మెరిసే పూత ఉన్న మట్టిసామాను దేన్నయినా పింగాణీ అనేస్తాం. ఆవకాయ జాడీ పింగాణీయే, ఆఫీసులో టీ కప్పూ పింగాణీయే, బాత్‌రూమ్‌లో సింకూ పింగాణీయే. ఇక్కడ మాత్రం మూడింటిని విడదీసుకోవాలి. ఒకటి, మామూలు బంకమట్టిని కాల్చి దాని రంగు కనబడకుండా తగరం కలిపిన తెల్లటి పూత పూసేది. ఫ్రెంచివాళ్లు దీన్ని ఫయాన్స్ అంటారు. రెండోది చైనాలో చేసే అసలు పింగాణీ. కెయోలిన్ అనే తెల్లమట్టిని, పెటున్‌ట్సే అనే రాతిపొడిని కలిపి 1300 డిగ్రీల సెల్సియస్ పైన కాలుస్తారు. అప్పుడు ముద్ద మొత్తం ఒకటిగా బిగుసుకుపోయి, పలచటి చోట అవతలి వెలుతురు కనిపిస్తుంది. మూడోది, ఆ మట్టి దొరక్క గాజుపొడిని నమ్ముకుని యూరప్‌లో చేసింది. దాన్ని మెత్త పింగాణీ అంటారు. ముట్టుకుంటే మెత్తగా ఉంటుందని కాదు, తక్కువ వేడికే కాలుతుందని, ఉక్కు కత్తితో గీస్తే గీత పడుతుందని ఆ పేరు. గట్టి పింగాణీ మీద కత్తి గీత పడదు.

17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో కూడా ఈ మాట ఇంత వదులుగానే ఉండేది. 1670లో పద్నాలుగో లూయీ వెర్సాయ్ తోటలో ఒక విహారమందిరం కట్టించి దానికి పింగాణీ త్రియానో అని పేరు పెట్టించాడు. నాన్జింగ్‌లోని పింగాణీ గోపురం గురించి డచ్ యాత్రికులు రాసిన వర్ణనల్ని అప్పట్లో యూరప్ ఆబగా చదువుతోంది. ఆ మోజులో మందిరానికి ఎక్కడ చూసినా నీలం తెలుపు పలకలు తాపించారు. వాటిలో ఒక్కటి కూడా పింగాణీ కాదు, అంతా ఫయాన్సే. వానకు, చలికి పలకలు నిలవలేదు. 1687లో మందిరాన్ని కూల్చేసి పాలరాయితో వేరేది కట్టారు. అంత పెద్ద రాజుకు కూడా పేరు దొరికింది, వస్తువు దొరకలేదు.

దిగుమతి సరుకు మాత్రం వస్తూనే ఉంది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు తెచ్చాయి, 17వ శతాబ్దంలో డచ్ కంపెనీ తెచ్చింది. 1664లో ఫ్రాన్స్ సొంతంగా ఈస్టిండియా కంపెనీ పెట్టుకుని, 1669లో మచిలీపట్నంలో, 1674లో పుదుచ్చేరిలో స్థావరాలు ఏర్పరచుకుంది. 1686లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు పంపిన రాయబారులు దాదాపు 1500 పింగాణీ వస్తువుల్ని లూయీకి కానుకగా తెచ్చారు. రాజు పెద్ద కొడుకైతే పింగాణీ అంటే పడిచచ్చేవాడు. 1300 ప్రాంతంలో, చైనాలో పింగాణీకి కేంద్రమైన జింగ్‌డెజెన్‌లో చేసిన ఒక లేత నీలిచాయ జాడీ అతని దగ్గర ఉండేది. యూరప్‌కు చేరిన చైనా పింగాణీలో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాతపూర్వకంగా తెలిసిన వాటిలో అదే అన్నిటికంటే పాతది. ఇప్పుడది డబ్లిన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. ఒకప్పుడు దానికి తొడిగిన వెండి బిగింపులు మాత్రం పోయాయి.

పారిస్ అంగళ్లలో ఈ సరుకు ఏ దేశానిదో ఎవరికీ పెద్ద పట్టింపు లేదు. చైనా, జపాన్, భారతదేశం అన్నీ కలిపి ఇండీస్. చైనాలో పుట్టిన ఎగుమతి పింగాణీని ఫ్రెంచిలో ఇప్పటికీ ఇండీస్ కంపెనీ పింగాణీ అనే అంటారు. చైనాలో చేసిన లక్క తెరలకు కోరమాండల్ అనే పేరు అంటుకుంది. మన తూర్పు తీరపు రేవుల్లో ఓడ మారాయి, అంతే. ఆ లక్కపని ఇక్కడ పుట్టింది కాదు. అందుకే చైనా ప్రభావం అనగానే ఏదో ఒక పెద్ద సంస్కృతి వచ్చి ఫ్రాన్స్‌ను కమ్మేసిందని అనుకుంటే పొరపాటు. ఫ్రెంచి పనివాడి ముందు ఉన్నవి విడివిడి వస్తువులు: ఒక నీలం తెలుపు కూజా, ఒక తెల్ల బొమ్మ, ఒక జపాన్ పళ్లెం. ఏది ముందు చేతికొస్తే దాన్నే అనుకరించాడు.

ఆ అనుకరణ ఏ దారిన నడిచిందో తెలుసుకోవడానికి ఒక మంచి ఆధారం ఉంది. అవి రాజు ఇచ్చిన అనుమతి పత్రాలు. ఎవరేం చేస్తామని చెప్పి అనుమతి అడిగారో వాటిలో ఉంటుంది. మొదటిది 1673 నాటిది. రువాన్ ఊరు అప్పటికే ఫయాన్స్‌కు పేరుపొందింది. అక్కడి లూయీ పోతెరా, అచ్చం చైనా పింగాణీ లాంటిది చేసే రహస్యం తనకు తెలిసిందని చెప్పి పత్రం తెచ్చుకున్నాడు. చేసింది మాత్రం బాగా తక్కువ. అతను 1696లో చనిపోయాడు. అతనివని ఈరోజు నమ్మకంగా చెప్పుకునే వస్తువుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సాన్‌క్లూ కథ వేరు. అక్కడ ఫయాన్స్ చేసే పియేర్ చికనో పింగాణీ కోసం ప్రయోగాలు మొదలుపెట్టి, పూర్తికాకుండానే కన్నుమూశాడు. అతని భార్య బర్బ్ కూద్రే 1679లో ఆన్రీ త్రూను మళ్లీ పెళ్లాడి, పిల్లలతో కలిసి ఆ పనిని వదలకుండా నడిపింది. 1698లో ఆ కార్ఖానా చూసిన ఇంగ్లీషు వైద్యుడు మార్టిన్ లిస్టర్, ఇక్కడి కప్పుల్నీ తాను చూసిన మేలురకం చైనా సామానునూ పక్కపక్కన పెడితే తేడా చెప్పలేనని రాసుకున్నాడు. పాతికేళ్లకు పైగా ప్రయత్నించాక, గడిచిన మూడేళ్లలోనే పని కుదిరిందని కూడా రాశాడు. 1702లో ఆ కుటుంబానికి రాజు అనుమతి దొరికింది. రాజు తమ్ముడు ఆర్లెయాన్ డ్యూకు వాళ్లకు అండ. రువాన్‌తో పోలిస్తే సాన్‌క్లూదే నిజమైన ఆరంభం అనాలి. 1766లో మూతపడేదాకా అక్కడ సరుకు తయారై, అమ్ముడై, ఇళ్లలో వాడకంలోకి వెళ్లింది.

మట్టి లేకుండా ఇదెలా సాధ్యమైంది? తర్వాతి కాలంలో పారిస్ దగ్గరి వాన్సెన్ కార్ఖానా రాసిపెట్టుకున్న పద్ధతి చూస్తే ఆ పనిలోని కష్టం అర్థమవుతుంది. ఇసుక, సురేకారం, ఉప్పు, సోడా, పటిక, జిప్సం కలిపి కాలిస్తే గాజులాంటి గడ్డ తయారవుతుంది. దాన్ని మెత్తగా నూరి, సుద్ద, కాస్త సున్నపుమట్టి కలుపుతారు. ఇందులో బంకమన్ను పేరుకు మాత్రమే ఉంటుంది కాబట్టి ముద్దకు జిగట ఉండదు. కుమ్మరి సారె మీద పెట్టి లాగితే లేవదు, విరిగిపోతుంది. అందుకని నల్ల సబ్బు కలిపి, అచ్చుల్లో ఒత్తి, ఆరాక లేత్ మీద చెక్కేవారు. ఆపై బట్టీ గండం. వేడి కాస్త తక్కువైతే ముద్ద బిగుసుకోదు, కాస్త ఎక్కువైతే గాజు కరిగి కప్పు కూలబడిపోతుంది. కాల్చాక సీసం కలిపిన పూత పూసి ఇంకోసారి, ఈసారి తక్కువ వేడి మీద కాల్చాలి.

సాన్‌క్లూ గోడలు ఎందుకంత మందమో, వస్తువులు ఎందుకంత చిన్నవో ఇప్పుడు తెలుస్తుంది. చైనా పనివాడు మనిషి ఎత్తు జాడీ చేయగలడు. సాన్‌క్లూవాళ్లు ఉప్పుగిన్నెలు, మసాలా డబ్బాలు, ముఖానికి రాసుకునే లేపనం భరిణెలు, కత్తిపిడులు, చేతికర్ర పిడులు, నశ్యం డబ్బీలు చేశారు. దాన్ని అభిరుచి అని కొందరు మెచ్చుకుంటారు గానీ, సగం నిర్ణయం బట్టీదే.

మరి చైనా నుంచి వాళ్లు తీసుకున్నదేమిటి? ముందు తెలుపు. ఫుజియన్ ప్రాంతంలోని దెహువాలో బొమ్మలేమీ గీయకుండా అచ్చ తెల్లటి పింగాణీ చేసేవారు. దాని పూతలో కొన్నిసార్లు దంతపు ఛాయ ఉంటుంది. సాన్‌క్లూ ముద్దకు పుట్టుకతోనే ఆ ఛాయ ఉంది. జింగ్‌డెజెన్ నీలితెలుపు పక్కన పెడితే లోపంలా కనిపించేది, దెహువా పక్కన పెడితే పోలికలా కనిపిస్తుంది. ఈ సంగతి పనివాళ్లకు బాగా తెలిసే ఉండాలి, ఎందుకంటే వాళ్ల తెల్లటి కప్పుల్లో ఎక్కువ భాగం దెహువా దారిలోనే వెళ్లాయి. కప్పు పక్కన ఒక వంకర కొమ్మ ఎక్కుతూ ఉంటుంది. దాని కణుపుల దగ్గర అయిదు రేకల పూలు, ఇంకా విచ్చుకోని గుండ్రటి మొగ్గలు. చిన్న అచ్చుల్లో ఆ పూలను విడిగా ఒత్తి, పల్చటి ముద్దతో కప్పుకు అతికించేవారు. పూత వేశాక రేకల అంచులు మొద్దుబారి, మంచు పడ్డట్టు కనిపిస్తాయి. చలికాలం చివర్లో, ఆకులింకా రాకముందే పూసే చైనా ప్లమ్ కొమ్మ అది. దెహువావాళ్లు కూడా దాన్ని కొత్తగా ఊహించలేదు. ఖడ్గమృగం కొమ్ముతో చెక్కిన పాత్రల మీది కొమ్మల్ని పింగాణీలోకి దించారు. అలా ఒక కొమ్ము పాత్రకు నకలు దెహువాలో పుట్టి, ఆ నకలుకు నకలు సేన్ ఒడ్డున పుట్టింది.

నీలం దగ్గర కథ మారుతుంది. కోబాల్టు నీలం, తెల్లటి నేల అనే జోడీ చైనాదే. అయితే సాన్‌క్లూ అంచుల మీద ఉన్న జాలరు డిజైన్ చైనాది కాదు. గుడ్డ తోరణంలా వేలాడే ఆ అల్లిక ఫ్రెంచి రాజాస్థానపు అలంకారం, రువాన్ ఫయాన్స్ మీద అప్పటికే అలవాటైనది. అడుగున ఉన్న గాడులు ఫ్రెంచి వెండిపని నుంచి వచ్చాయి. ఇక్కడ అప్పటి రాజకీయం కూడా కలిసొచ్చింది. యుద్ధాల ఖర్చుకు డబ్బు చాలక 1689లో, మళ్లీ 1709లో పెద్దింటివాళ్లు వెండి సామాను కరిగించాల్సి వచ్చింది. భోజనాల బల్ల ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి వచ్చిన మట్టిసామాను వెండి రూపాన్నే తొడుక్కుంది. కాబట్టి ఆ చిన్న కప్పులో చైనాది పదార్థం మీద ఆశ, రంగుల జోడీ. ఆకారం మాత్రం పారిస్ కంసాలిది.

రహస్యం చైనాలో ఎలా ఉండేదో ఫ్రాన్స్‌కు మొదట వివరంగా చెప్పినవాడు ఒక జెసూట్ మతగురువు, ఫ్రాన్స్వా గ్జావియే దాంత్రకోల్. జింగ్‌డెజెన్‌లో అతని దగ్గర క్రైస్తవులైన వాళ్లలో పింగాణీ పనివాళ్లు, వ్యాపారులు ఉన్నారు. వాళ్లను అడిగి, తాను కళ్లారా చూసి, 1712 సెప్టెంబరు 1న ఒక పెద్ద ఉత్తరం, 1722 జనవరిలో ఇంకొకటి రాశాడు. రెండూ అచ్చయ్యాయి. ఊళ్లో మూడు వేల బట్టీలున్నాయని, రాత్రిపూట చూస్తే ఊరంతా తగలబడుతున్నట్టు ఉంటుందని రాశాడు. ఒక్క కప్పు పూర్తయ్యేలోగా 70 మంది చేతులు మారుతుందని రాశాడు. ఒకడు అంచుకు గీత గీస్తాడు, ఒకడు పువ్వు గీత వేస్తాడు, ఇంకొకడు అందులో రంగు నింపుతాడు. పారిస్ చుట్టుపక్కల నాలుగైదు కుటుంబాలు గుట్టుగా చేస్తున్న పనిని అక్కడ ఒక నగరం మొత్తం చేస్తోంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట రెండు ముడిసరుకుల గురించి. పెటున్‌ట్సే అంటే చైనా మాటలో చిన్న తెల్ల దిమ్మెలు. రాతిని దంచి, నీళ్లలో తేర్చి, ఇటుకలుగా చేసి అమ్మేవారు. కెయోలిన్ అనే పేరు జింగ్‌డెజెన్ దగ్గరి గావ్‌లింగ్ గుట్ట నుంచి వచ్చింది. రాయి కరిగి అతుక్కుంటుంది, మట్టి కరగకుండా నిలబెడుతుంది. ఒక సంపన్న వ్యాపారి చెప్పిన సంగతిని దాంత్రకోల్ అందులోనే రాశాడు. ఎవరో యూరప్‌వాళ్లు పెటున్‌ట్సే దిమ్మెలు కొనుక్కుని తమ దేశానికి పట్టుకెళ్లారట. కెయోలిన్ లేకపోవడంతో పని చెడిపోయింది. ఎముకలు లేకుండా ఒట్టి మాంసంతో ఒళ్లు నిలబడాలని చూశారని ఆ వ్యాపారి నవ్వాడట. సాన్‌క్లూకు ఆ మాట నేరుగా వర్తించదు, వాళ్ల దగ్గర అసలు ఆ మాంసం కూడా లేదు. అయినా వాళ్ల బట్టీలో కూలబడిన ప్రతి కప్పూ ఆ మాటకు సాక్ష్యమే.

ఇంత స్పష్టంగా చెప్పాక కూడా యాభై ఏళ్లకు పైగా ఎందుకు ఆలస్యమైంది? ఇది చాలా ఆసక్తికరమైన ప్రశ్న. శాస్త్రవేత్త రెయోమ్యూర్‌కు చైనా నుంచి మట్టి నమూనాలు అందాయి. 1727లో, 1729లో ఫ్రెంచి సైన్సు అకాడమీకి తన పరిశోధన వినిపించాడు. అతని పరీక్ష సూటిగా ఉంటుంది. ఫ్రెంచి పింగాణీ ముక్కను, చైనా పింగాణీ ముక్కను ఒకే పెద్ద మంటలో పెట్టాడు. ఫ్రెంచిది కరిగి గాజైపోయింది, చైనాది అలాగే నిలబడింది. రెండూ ఒక జాతి కావని తేలిపోయింది. కానీ కెయోలిన్‌లోని తళుకు చూసి అది టాల్క్ లాంటి ఖనిజం అనుకుని ఆ దారిలో వెతికాడు. పేరు తెలుసు, పని తెలుసు, నమూనా చేతిలోనే ఉంది. ఆ మట్టి ఫ్రాన్స్‌లో ఎలా కనిపిస్తుందో, ఎక్కడ తవ్వాలో మాత్రం తెలియదు. చేతిపని విద్యలో ఇలాంటి గోడ తరచూ ఎదురవుతుంది. రాసిన పద్ధతి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఉత్తరంలో వెళ్లిపోతుంది, నేల వెళ్లదు. జర్మనీలో సాక్సనీ రాజ్యం అప్పటికే ముందుకెళ్లింది. బోట్‌గర్, చిర్న్‌హౌస్ కలిసి 1708 నాటికే గట్టి పింగాణీ సాధించారు, 1710లో మైసెన్ కార్ఖానా మొదలైంది. దాంత్రకోల్ మొదటి ఉత్తరం రాయడానికి ముందే అక్కడ పని అయిపోయింది. వాళ్లకు తగిన మట్టి దగ్గర్లోనే దొరికింది.

ఫ్రాన్స్‌లో మరుసటి పత్రం 1735 నాటిది. అందులో చైనా పేరు పోయి జపాన్ పేరు వచ్చింది. షాంతియీలో కోందే యువరాజు లూయీ ఆన్రీ తన కోట దగ్గరే ఒక కార్ఖానా పెట్టించి సికేర్ సిరూకు అప్పగించాడు. జపాన్ పింగాణీని పోలిన సరుకు చేస్తామని పత్రంలో రాయించుకున్నారు. యువరాజు దగ్గర కకియెమోన్ రకం జపాన్ వస్తువులు బోలెడు ఉన్నాయి. పాలలాంటి తెలుపు, మధ్యలో చాలా ఖాళీ, ఓ మూల కంచె, పిట్టల జంట, ఎర్రటి పూలు. ఆ ఖాళీయే దాని అందం. ఖాళీ అందంగా ఉండాలంటే నేల తెల్లగా ఉండాలి, షాంతియీ ముద్దకేమో పసుపు ఛాయ. వాళ్లు తెలివైన పని చేశారు. ఫయాన్స్‌వాళ్ల తగరపు పూతను తీసుకొచ్చి పింగాణీ మీద వేశారు. ముద్ద రంగు కనబడకుండా పోయింది. పింగాణీ అంటే అసలు లోపలి తెలుపే పైకి కనపడటం కదా. ఇక్కడ పింగాణీని పింగాణీలా చూపించడానికి దాన్ని పూర్తిగా కప్పేశారు. తొలినాటి ఫ్రెంచి పింగాణీలో ఇంతకంటే చక్కటి వస్తువులు లేవని గట్టిగా చెప్పొచ్చు. 1740లో యువరాజు పోయాక అక్కడ కూడా పారదర్శక పూత, యూరప్ పూలు వచ్చాయి. అదే కాలంలో వీల్‌రువా డ్యూకు అండతో మెన్సీ కార్ఖానా కూడా నడిచింది.

ఈలోగా అసలు చైనా సరుకును కూడా పారిస్‌లో ఉన్నదున్నట్టు వాడలేదు. మెర్సియే అనే వ్యాపారులు ఉండేవారు. అన్నీ అమ్ముతారు, ఏదీ చేయరు అని వాళ్లకు పేరు. జెర్సాన్ 1740లో తన దుకాణానికి పగోడా గుర్తు పెట్టుకున్నాడు. లజార్ దువో దుకాణం 1748 నుంచి 1758 వరకు రాసిన లెక్కల పుస్తకం మిగిలింది, అందులో రాజు, అతని ప్రియురాలు మదాం ద పొంపదూర్ కొన్న సరుకంతా పద్దుల్లో కనిపిస్తుంది. వీళ్లు ఒక చైనా జాడీ తెచ్చి, అవసరమైతే మెడ కోయించి, బంగారు పూత కంచుతో పాదం, పిడి, మూతి తొడిగించేవారు. పూలజాడీ కాస్తా ఫ్రెంచి కూజా అయ్యేది. దూరదేశపు వస్తువును గౌరవించే తీరే వాళ్లకు అది.

ఆ తర్వాతి పత్రం 1745ది, దానిలో చైనా లేదు, జపాన్ లేదు. సాక్సనీ తరహాలో, మనుషుల బొమ్మలతో, బంగారు పనితో పింగాణీ చేస్తామని వాన్సెన్ కార్ఖానా 20 ఏళ్ల హక్కు పొందింది. షాంతియీ నుంచి వచ్చిన దుబ్వా సోదరులు 1740లో వాన్సెన్ కోటలో మొదలుపెట్టిన పని అది. 1756లో కార్ఖానా పారిస్ పక్కనున్న సేవ్ర్ ఊరికి మారింది, 1759లో పదిహేనో లూయీ దాన్ని పూర్తిగా కొనేశాడు. 1673లో చైనా, 1735లో జపాన్, 1745లో సాక్సనీ. ఫ్రాన్స్‌ను భయపెట్టిన పోటీ అప్పటికి ఇంటి పక్కకు చేరింది. మైసెన్ సరుకు మీద దేశం డబ్బు బయటికిపోవడం రాజుకు నచ్చలేదు.

అయితే చైనా మాయమైపోలేదు, రంగులోకి వెళ్లింది. 1753లో వాన్సెన్ రసాయన శాస్త్రవేత్త జాన్ ఎలో రాగితో ఒక ఫిరోజా నీలం సాధించాడు. పారిస్ ధనికులు ఎగబడి కొంటున్న చైనా ఫిరోజా పూత జాడీలే దానికి ఆదర్శం. పదిహేనో లూయీ సొంత భోజన సామాను సెట్టు ఆ రంగులోనే చేసి 1753, 1755 మధ్య అందించారు. ఇక్కడ మెత్త పింగాణీ బలం బయటపడింది. దాని సీసపు పూత తక్కువ వేడికే మళ్లీ కాస్త కరుగుతుంది. దాని మీద వేసిన రంగు లోపలికి దిగి, పూతలో కలిసిపోయి, నీళ్లలోంచి చూసినట్టు నిండుగా ఉంటుంది. గట్టి పింగాణీ పూత అలా కరగదు, రంగు పైనే నిలిచిపోతుంది. చైనాను అందుకోలేని లోపం ఏదైతే ఉందో, దాని వల్లే ఆ రంగులు సాధ్యమయ్యాయి. 1760 తర్వాత దొదాన్ అనే చిత్రకారుడు, పేరుపొందిన ఫ్రెంచి చిత్రకారుడు బూషే గీసిన బొమ్మల ఆధారంగా చైనా దృశ్యాలు కూడా సేవ్ర్ జాడీల మీద వేశాడు. వాటిలోని చైనా పారిస్ నాటకశాలలోని చైనా. పంట పండించేది, పింగాణీ చేసేది కాదు.

ఎదురు దారిలో కూడా కొంత ప్రయాణం జరిగింది. చైనాలో 18వ శతాబ్దపు గులాబి రంగుల పింగాణీని అక్కడివాళ్లే యాంగ్‌ట్సాయ్, అంటే విదేశీ రంగులు అన్నారు. 1765లో ఫ్రాన్స్‌లో చదువు ముగించుకున్న ఇద్దరు చైనా క్రైస్తవ గురువులు, కో, యాంగ్, స్వదేశానికి బయలుదేరినప్పుడు పదిహేనో లూయీ పంపిన కానుకల్లో సేవ్ర్ పింగాణీ ఉంది. పింగాణీ పుట్టిన దేశానికి, కెయోలిన్ లేకుండా చేసిన పింగాణీని ధైర్యంగా పంపారు.

ఆ తర్వాత మూడేళ్లకే మట్టి దొరికింది. లిమోజ్‌కు దక్షిణాన సాంతిరియే అనే చిన్న ఊరు. అక్కడి సర్జన్ దార్నే భార్య, జిడ్డుగా ఉండే ఒక తెల్లమట్టి బట్టలు ఉతకడానికి పనికొస్తుందేమో చూసిందని చెప్పుకుంటారు. దార్నే ఆ మట్టిని బోర్దో నగరంలోని మందుల తయారీదారు విలారిస్‌కు చూపించాడు, అతను గుర్తుపట్టాడు. 1768లో సేవ్ర్ రసాయన శాస్త్రవేత్త మాకేర్ స్వయంగా వెళ్లి చూశాడు. దాంత్రకోల్ ఉత్తరంలో చదివిన మట్టి అదే. 1769 జూన్‌లో సేవ్ర్ గట్టి పింగాణీ వస్తువుల్ని మాకేర్ అకాడమీ ముందు పెట్టాడు. 1771లో లిమోజ్‌లోనే కార్ఖానా వచ్చింది. ఈరోజు లిమోజ్ అంటే పింగాణీ అనేంత పేరుకు అదే మొదలు.

విచిత్రమేమిటంటే, వందేళ్లు వెతికిన మట్టి దొరికాక కూడా సేవ్ర్ మెత్త పింగాణీని వదల్లేదు. మరో ముప్పై ఏళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. ఆ ఫిరోజా నీలం, 1757లో తెచ్చిన గులాబి రంగు గట్టి ముద్ద మీద అంత నిండుగా కుదరలేదు. చివరికి 1800లో డైరెక్టరైన అలెగ్జాండర్ బ్రోన్యార్, ఖర్చెక్కువ, నష్టమెక్కువ అని దాన్ని ఆపేశాడు. గోదాములో మిగిలిన రంగు వేయని తెల్ల సామానును అమ్మేయించాడు. పాత సేవ్ర్ మీద మోజు పెరిగిన 19వ శతాబ్దంలో, ఆ తెల్ల సామాను మీద ఇంగ్లండులో, పారిస్‌లో కొత్తగా ఫిరోజా నీలం, గులాబి వేసి 1750ల నాటి వస్తువులని అమ్మారు. ముద్ద నిజంగానే పాతది కాబట్టి కత్తి గీత పరీక్షతో వాటిని పట్టుకోలేరు. ఈరోజుకీ మ్యూజియంలవాళ్లు వాటి మీది రంగుల్ని, బంగారాన్ని పరీక్షించి తేల్చాల్సి వస్తోంది.